సిస్టరమ్మ చెయ్యి

సిస్టరమ్మ పోయిందని పొద్దున ఏడింటికి మా చర్చి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఎనిమిదిన్నరకు పాస్టర్ గారు ఫోన్ చేసి, జ్ఞాపకార్థ కూడికలో నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఆమె కుర్చీలో ఇప్పుడు కూర్చునేది నేనే కాబట్టి నాకంటే బాగా ఇంకెవరు చెప్తారని ఆయన ఉద్దేశం. మాట్లాడాను. పది నిమిషాలు మాట్లాడాను. ఆమె భక్తి, ఆమె సేవ, ఆమె టైము తప్పని అలవాటు అని అందరూ చెప్పేవే చెప్పి కూర్చున్నాను. కూడిక అయ్యాక ఇద్దరు ముగ్గురు వచ్చి, మనసులోంచి మాట్లాడావని భుజం తట్టారు. చెప్పాల్సిన ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. దాన్ని ఇక్కడ రాస్తున్నాను. రాసేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు కాబట్టి ఈ మాత్రం ధైర్యం వచ్చింది.

ఆమె పేరు రాయను. అసలు మొయినాబాద్ చుట్టుపక్కల ఆమెను పేరు పెట్టి పిలిచిన మనిషిని నేను చూడలేదు. చేవెళ్ల దవాఖానలో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక సురంగల్‌లో తన ఇంట్లో ఒక్కతే ఉండేది. చిన్నా పెద్దా అందరికీ సిస్టరమ్మే.

ఎవరు కలిసినా ముందు మణికట్టు పట్టుకునేది. ఆమె పలకరింపే అది. "బాగున్నవా బిడ్డా" అని పట్టుకున్న చెయ్యి వదలకుండా పిల్లల గురించి, ఉద్యోగం గురించి అడుగుతూనే ఉండేది. గడియారం ముఖం ఆమె మణికట్టు లోపలివైపు ఉండేది, అటు ఒక చూపు. ఓ నిమిషానికి చెయ్యి వదిలి, "రాత్రి నిద్ర లేదు నీకు" అనో, "చాయ్ తగ్గియ్యి" అనో తీర్పు చెప్పేది. పాస్టర్ గారినీ వదల్లేదు. ఎన్నికలప్పుడు ఓట్లడగడానికి వచ్చిన నాయకుడి చెయ్యి పట్టుకుని, అందరి ముందే బీపీ చూపించుకొమ్మని పంపించింది.

ఆ చేతికి హస్తవాసి ఉందని ఊరంతా నమ్మేవాళ్లు. డాక్టరు చీటీ, మందు సీసా పట్టుకుని ఆమె గడప దగ్గర పొద్దున్నే నలుగురైదుగురు కూర్చుని ఉండేవాళ్లు. సూది వేసేటప్పుడు ఒక కీర్తన పల్లవి అందుకునేది. రెండో పాదంలోకి వచ్చేసరికి సూది బయట ఉండేది. ఏడవడానికి నోరు తెరిచిన పిల్లలు ఎందుకు తెరిచామా అన్నట్టు అలాగే చూసేవాళ్లు. నాకూ ఒకసారి వేసింది. ఎప్పుడు గుచ్చిందో తెలియలేదంటే అతిశయోక్తి కాదు.

అదే చెయ్యి ఆదివారం మా చర్చిలో కీబోర్డు మీద ఉండేది. మొదట్లో హార్మోనియం, తర్వాత కీబోర్డు. కూర్చోగానే సంచిలోంచి దూది తీసి, స్పిరిట్‌లో తడిపి, ఎడమ నుంచి కుడికి మెట్లన్నీ తుడిచేది. ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు ఆరాధన మొదలైందనడానికి గుర్తు ఆ దవాఖాన వాసన. వాయించడంలో గొప్ప నైపుణ్యం ఏమీ లేదు, పాటను మాత్రం జారనిచ్చేది కాదు. వందమంది వంద దిక్కులకు లాగినా పాట ఆమె వేళ్ల వెంటే నడిచేది.

ఇక నా సంగతి. దొంతన్‌పల్లి వైపు ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. కంప్యూటర్ గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. మా చర్చివాళ్లదీ అదే నమ్మకం, ఎందుకంటే వాళ్లకు నేను తప్ప ఇంకెవరూ దొరకలేదు. పాత కీబోర్డు చెడిపోయినప్పుడు కమిటీని ఒప్పించి కంప్యూటర్ సౌండ్ సిస్టమ్ పెట్టించింది నేనే. కొత్త కీబోర్డుకు సొంత గొంతు ఉండదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్న సమాచారం మాత్రం మిడి అనే పద్ధతిలో వైరు గుండా కంప్యూటర్‌కు వెళ్తుంది. ఆర్గాన్ కావాలంటే ఆర్గాన్, వయొలిన్ కావాలంటే వయొలిన్, సౌండు పుట్టించేది కంప్యూటరే. ఇదంతా సిస్టరమ్మకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. అంతా విని, "అంటే ఈ వైర్లకెల్లి పాట పోదు, కబురు పోతదన్నట్టు" అంది. నేను అరగంట చెప్పింది ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది.

మొదటి రోజే ఆ సిస్టమ్ మూగబోయింది. జనం వచ్చి కూర్చున్నారు, పాస్టర్ గారు గడియారం చూసుకుంటున్నారు, నేను కనపడిన ప్రతి వైరూ పీకి పెడుతున్నాను. సిస్టరమ్మ తాపీగా ఒక మెట్టు నొక్కి పట్టుకుని స్క్రీన్ వైపు చూసింది. కీబోర్డు నుంచి కబురు అందితే స్క్రీన్ మీద మూలన చిన్న పచ్చ లైటు వెలుగుతుంది. ఆమె నొక్కినప్పుడల్లా అది వెలుగుతోంది.

"నాడి కొడుతున్నది. మనిషి బతికే ఉన్నడు, గొంతే పోయింది. వైర్లు విడిచిపెట్టి గొంతు కాడ చూడు," అంది.

చూస్తే నిజమే. కబురు సరిగానే చేరుతోంది. అక్కడ ఏ వాద్యం సౌండు రావాలో ఎంచడం నేను మరిచిపోయాను. ఆ రోజు నుంచి సిస్టమ్‌కు రోగం వస్తే మాకు అదే వరస అయింది. పచ్చ లైటు వెలగకపోతే నాడి లేనట్టు, వైరూ సాకెట్టూ చూడాలి. వెలుగుతూ సౌండు రాకపోతే కంప్యూటర్ లోపల చూడాలి. నొక్కిన మెట్టు వదిలినా మోత ఆగకపోతే దానికి పూనకం వచ్చిందనేది. ఇన్నేళ్లలో నా ల్యాబ్‌లో ఎవరికీ ఇంత సులువుగా చెప్పలేకపోయాను.

ఆమె ఒక నోటుబుక్కు కూడా పెట్టింది. దవాఖానలో మంచానికి వేలాడదీసే కాగితంలాగా ఒక్కో పేజీలో ఫిర్యాదు, కారణం, చేసిన పని, తారీఖు. పెన్ను ఎవరూ ఎత్తుకుపోకుండా దారంతో కట్టింది. ఆమె పెట్టిన షరతు ఒకటే. ఒకసారికి ఒక్కటే మందు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనికి నయమైందో, దేనికి ముదిరిందో తెలియదు. ఏది మార్చినా బుక్కులో రాయాలి. సరేనమ్మా అనేవాణ్ణి. నర్సు వచ్చి నాకు కంప్యూటర్ నేర్పుతోందని లోపల కాస్త మంటగానే ఉండేది.

ఒక శుక్రవారం సాయంత్రం క్వయర్ పాటలు రికార్డు చేశాం. మధ్యలో స్పీకర్ చిటపటమంటుంటే పాడేవాళ్లు విసుక్కున్నారు. నేను తొందర తొందరగా సెట్టింగుల్లోకి వెళ్లి రెండు మార్పులు చేశాను. ఒకటి, సౌండును కొద్ది కొద్దిగా కాకుండా ఎక్కువ పోగేసి ఒకేసారి స్పీకర్‌కు పంపడం. రెండోది, దాన్ని పంపే డ్రైవర్ అనే ప్రోగ్రామ్‌ను మార్చడం. చిటపట ఆగిపోయింది. అలా పోగేస్తే నొక్కిన దానికీ వినపడే దానికీ మధ్య రెప్పపాటు ఎడం వస్తుంది. రికార్డింగ్‌కు అది అడ్డం కాదు. ఎదుట కూర్చుని వాయించేవాళ్లకు మాత్రం నరకం. ఇది నాకు తెలుసు. పని కాగానే వెనక్కి మార్చాలని కూడా తెలుసు. ఆకలేసి ఇంటికి వెళ్లిపోయాను. బుక్కులో రాయలేదు.

ఆదివారం మొదటి పాటే బరువెక్కింది. జనం ఆమె సౌండు కోసం ఆగుతున్నారు, ఆమె జనం కోసం ఆగుతోంది. రెండో చరణానికి పాట బురదలో దిగిన బండిలా అయింది. సిస్టరమ్మ నుదుటి మీద చెమట పట్టింది. మూడో పాటకు క్వయర్ వాళ్లు కీబోర్డును వదిలేసి చప్పట్లు కొట్టుకుంటూ తమ దారిన పాడుకుపోయారు. ఆమె మెట్ల మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆమె చేతులు ఊరికే ఉండటం చూడటం నాకు అదే మొదటిసారి.

ఆరాధన అయ్యాక కమిటీ పెద్దమనుషులు ముగ్గురు వచ్చారు. సిస్టమ్‌కు ఏమైందని నన్నడిగారు. సిస్టమ్ పెట్టించినవాణ్ణి నేను కాబట్టి ఆ ప్రశ్న నా మెడకు చుట్టుకునేలా ఉంది. ఏం కాలేదన్నాను. నిరూపించడానికి సిస్టరమ్మను ఒక మెట్టు నొక్కమని, పచ్చ లైటు వైపు చూపించి, నొక్కిన వెంటనే వెలుగుతోంది చూడండన్నాను. ఆమె నాలుగైదు సార్లు నొక్కి చూసింది.

"లైటు ముందుగాల వస్తున్నది బిడ్డా. సప్పుడు ఎన్క వస్తున్నది," అంది.

రోగాన్ని సరిగ్గా పట్టేసింది. ఆ మాట చాలు, నాలాంటివాడికి రోగం ఎక్కడుందో తెలియాలి. నేను ఆలోచించను కూడా లేదు. మీకు అట్ల అనిపిస్తున్నదమ్మా అని నవ్వాను. నన్నొకసారి కూర్చుని వాయించి చూడమంది. ఇందాకే అంతా చూశానన్నాను, చూడకుండానే. నాకు తెలియకుండా దీనికి ఏమన్నా మందు వేశావా అని కూడా అడిగింది. లేదన్నాను. అప్పుడు శుక్రవారం సంగతి నిజంగానే గుర్తు లేదు. కానీ గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేయలేదన్నది కూడా అంతే నిజం. పెద్దమనుషులు ముగ్గురూ నావైపే చూస్తున్నారు.

ఆమె రెండు చేతులూ చాచి వేళ్లు విప్పి చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

"దాపెట్టకు. మిషన్‌దా, నా చెయ్యిదా?"

"మిషన్ మంచిగనే ఉన్నదమ్మా," అన్నాను.

ఆమె నోటుబుక్కు తీసి, కళ్లజోడు పెట్టుకుని, కుదురుగా రాసింది. ఫిర్యాదు: సౌండు ఆలస్యం. కారణం: వాయించే మనిషి చెయ్యి. చేసిన పని: మనిషిని మార్చడం. తారీఖు వేసి సంతకం పెట్టింది. వచ్చే వారం నుంచి నన్ను కూర్చోమని కమిటీకి ఆమే చెప్పింది. వాళ్లు ఒద్దు ఒద్దంటూనే ఒప్పుకున్నారు.

శనివారం మధ్యాహ్నం అలవాటు చేసుకుందామని ఒక్కణ్ణే వెళ్లి కూర్చున్నాను. మొదటి మెట్టు నొక్కగానే తెలిసిపోయింది. లైటు ముందు, సౌండు వెనక. ముప్పై ఆరేళ్లకే నాకూ వేళ్లు మొద్దుబారాయా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. ఒక్క క్షణానికే నాకు గుండె జారింది. ఆమె అప్పటికి వారం నుంచి ఆ భయంతోనే ఉంది. సెట్టింగులు తెరిస్తే, సౌండు ఎంత పోగేయాలో శుక్రవారం నేను పెట్టిన అంకె పెట్టినట్టే ఉంది. అంకె తగ్గించి, డ్రైవర్ పాతది పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు. మెట్టూ సౌండూ ఒక్కటైపోయాయి.

నోటుబుక్కు అక్కడే ఉంది. దారానికి పెన్ను కూడా ఉంది. కారణం అన్నచోట ఆమె రాసింది కొట్టేసి నా పేరు రాస్తే అయిపోయేది. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. కమిటీ వాళ్లేమంటారు, సిస్టమ్ పెట్టించినవాడే దాన్ని పాడు చేశాడంటారు కదా అనుకున్నాను. రేపు మెల్లగా చెప్పొచ్చులే అనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది, అది ఒప్పుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది. ఆ కుర్చీలో కూర్చోవాలని నాకు చాలా కాలంగా ఉంది. పెన్ను పక్కన పెట్టి, బుక్కు మూసి, సొరుగులో వేశాను.

ఆదివారం పాటలు పరుగెత్తాయి. వారం కిందటి ఈడ్పు తర్వాత ఎవరు వాయించినా అలాగే ఉండేది. పాట మళ్లీ నిలబడిందన్నారు. కుర్రవాళ్లు రావాల్సిందే అన్నారు. సిస్టరమ్మ మూడో వరుసలో నిలబడి గొంతెత్తి పాడింది. అయ్యాక జనాన్ని తోసుకుంటూ వచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, బాగా వాయించావని దీవించింది. ఆ రోజు నాడి చూడలేదు. పట్టుకున్న ఆ చేతుల్లో ఒక్క పిసరు వణుకు కూడా లేదు. నాకు తల దించుకోవాలనిపించింది. దించుకున్నాను. అందరూ దాన్ని వినయమనుకున్నారు.

అంతటితో ఆగిపోయినా బాగుండేది. రెండు నెలల తర్వాత మా క్వయర్‌లో పాడే సురంగల్ ఆవిడ మాటల్లో చెప్పింది, సిస్టరమ్మ సూదులు వేయడం మానేసిందని. నగరానికి వెళ్లి నరాల డాక్టరుకు చూపించుకుందట. చెవులు కూడా పరీక్ష చేయించుకుందట. పొద్దున్నే గడప దగ్గరికి వచ్చేవాళ్లను వెనక్కి పంపేస్తోందట.  ఇక లాభం లేదు, చెప్పి తీరాలని మర్నాడే బండి వేసుకుని బయలుదేరాను. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు పైకే అనుకుంటూ వెళ్లాను. అమ్మా, మీ చేతికేమీ కాలేదు, తప్పు నాది. అంతే, ఇంతకన్నా ఏమీ లేదు.

ఆమె వాకిట్లో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి ముఖం విప్పారింది. కుర్చీ వేసి, మణికట్టు పట్టుకుని, గుండె ఇంత గట్టిగా కొట్టుకుంటోందేం, బండి అంత జోరుగా నడపొద్దంది. చాయ్ పెట్టింది. నేను గ్లాసు పట్టుకుని మాట మొదలుపెట్టబోతుంటే, పక్క వీధి అవ్వ ఒకామె ఇన్సులిన్ సీసా కొంగులో పట్టుకుని వచ్చింది. ఒక్కసారికి వేయమని బతిమాలింది. మొయినాబాద్ దవాఖానకు పోతే పొద్దుపోతుందంది. సిస్టరమ్మ సీసా తీసుకుని, వెలుగులో పెట్టి చూసి, మళ్లీ అవ్వ చేతిలో పెట్టేసింది. తన చేతి మీద తనకే నమ్మకం లేదని, చర్మం కిందే ఆగాల్సిన సూదిని మాంసంలోకి దించితే అవ్వకే నష్టమని నచ్చజెప్పింది. అవ్వ గడప మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

డాక్టర్ ఏమన్నాడని అడిగాను. 

"ఏం లేదన్నడు. చెవులు కూడ మంచిగున్నయన్నడు. ముసలోళ్లకు డాక్టర్లు గట్లనే చెప్తరు బిడ్డా, ముప్పై ఏండ్లు పక్కన నిలబడి చూసిన గద," అని నవ్వింది. తర్వాత నా మోకాలు మీద చెయ్యి వేసింది. "పెద్దమనుషులు మొహమాటపడ్డరు. డాక్టరు దాపెట్టిండు. నువ్వొక్కనివే ఉన్నదున్నట్టు చెప్పినవు. లేకుంటే గీ చేతులతోని ఎవరికి ఏం చేస్తుంటినో. దినాం నీ కోసం ప్రార్థన చేస్తున్న."

ఆ తర్వాత నేనేం చేశానో రాయాలంటే సిగ్గుగా ఉంది. చాయ్ తాగాను. బాగుందన్నాను. ఇంకొంచెం పోస్తానంటే చాలన్నాను. ఒక్క మాట చెప్తే ఆ చేతులు ఆమెకు తిరిగొచ్చేవి, అవ్వ లేచి లోపలికి వచ్చేది. కానీ ఆమె రోజూ ఎవరి కోసం ప్రార్థన చేస్తోందో ఆ నిజాయితీపరుడు అక్కడికక్కడే చచ్చిపోయేవాడు. వాణ్ణి బతికించుకున్నాను. లేచి, అవ్వను నేను బండి మీద మొయినాబాద్ తీసుకెళ్తానన్నాను. ఎంత మంచి బుద్ధి బిడ్డా అని సిస్టరమ్మ గేటు దాకా వచ్చి సాగనంపింది. మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. ఆదివారాలు ఆమె కనపడితే ముక్తసరిగా వందనాలు చెప్పి తప్పుకునేవాణ్ణి. మూడేళ్లు అలా గడిపాను. సొరుగులో ఆ బుక్కు అలాగే ఉంది.

ఆ రోజు అవ్వ బండి వెనక పక్కకు కూర్చుని, ఒక చేత్తో నా చొక్కా, ఒక చేత్తో సీసా పట్టుకుంది. ఫామ్‌హౌసుల గోడల వెంట మెల్లగా పోనిచ్చాను. దారంతా ఆమె సిస్టరమ్మ గురించే చెప్పింది. కొడుకు పుట్టినప్పుడు, మొగుడికి విషజ్వరం వచ్చినప్పుడు, అన్నిటికీ ఆ చెయ్యేనట. ఆమె సూదేస్తే వేసినట్టే తెలియదట. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది.

"గంత మంచి చెయ్యి, ఏమైంది బిడ్డా? నీకేమన్న ఎర్కనా?"

"వయసు గదవ్వా," అన్నాను.

"నాకన్న పదేండ్లు చిన్నది గద ఆమె," అంది అవ్వ.

గాలికి వినపడనట్టు బండి జోరు పెంచాను.